సబ్మిట్ నొక్కే చెయ్యి

ఆదిశేషు పాముకు భయపడడు, బ్యాంకు మేనేజరుకు భయపడడు, భార్యకు కూడా ఒక మోస్తరుగానే భయపడతాడు. ఆయన హడలిపోయేది ఒక్కదానికే: కంప్యూటర్ తెర మీద నీలం రంగులో, బొటనవేలంత ఉండే సబ్మిట్ బటన్‌కు. విడ్డూరం ఏమిటంటే, మార్కాపురంలో పలకల దుకాణం పైన ఆయన నడిపే వెబ్‌సైట్ల ఆఫీసులో ఆ బటన్‌ను ఆయన తప్ప ఇంకెవరూ నొక్కకూడదు.

ఫారం ఎవరైనా నింపవచ్చు. నింపినవాళ్లు లేచి పక్కకు జరగాలి. అప్పుడు ఆదిశేషు వచ్చి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటాడు. గాలికి మౌస్ కదులుతుందేమోనని ఫ్యాన్ ఆపుతాడు. జాబితాలో అప్పటికి ఎన్ని పేర్లున్నాయో పలక మీద బలపంతో రాసుకుంటాడు. ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని నొక్కుతాడు.

"పడిందా?"

"పడింది అన్నా."

"ఎన్ని ఉండాయి?"

"పన్నెండు."

అప్పుడు కళ్లు తెరిచి, పదకొండు చెరిపి పన్నెండు రాసి, ఫ్యాన్ వేస్తాడు.

ఒకసారి ఆయన చలిజ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. అప్పట్లో ఆఫీసులో పనిచేసిన హరికృష్ణ ఫోన్ చేసి, "ఒక్క ఫారమే అన్నా, నేను నొక్కనా?" అని అడిగాడు. అరగంటలో దుప్పటి కప్పుకున్న ఆకారం ఒకటి ఆటో దిగింది. బటన్ నొక్కి, అదే ఆటోలో వెళ్లిపోయింది. "మనమీద ఆయనకు నమ్మకం లేదురా నాయనా" అని ఆఫీసంతా నవ్వుకున్నారు.

గోపికకు మాత్రం నవ్వు రాలేదు. కురిచేడు నుంచి రోజూ వచ్చిపోయే ఆమె చేరి మూడు వారాలే అయింది. బెంగళూరులో ఆమె మొదటి ఉద్యోగం ఒక జాబితా తారుమారైనందుకే పోయింది. మీటింగులో అందరి ముందు మేనేజరు "ఎవరు నొక్కారు?" అన్నాడు. నొక్కింది తనే. అప్పటినుంచి ఆ మాట వినపడితే చాలు, చేతిలో పని ఆపేస్తుంది. శేషన్న కళ్లు మూసుకున్న ప్రతిసారీ తన కోడ్‌లో తప్పు పట్టడానికే అనుకునేది. దొరికిన రోజున పంపించేస్తాడని భయపడేది.

దొరకనే దొరికింది, ఒక గురువారం మధ్యాహ్నం మూడున్నరకు.

గిద్దలూరులో ఒక ట్రస్టు ముసలివాళ్లకు ఉచితంగా కంటి శుక్లాల ఆపరేషన్లు చేయిస్తోంది. పేర్లు ఎక్కించే ఫారం రాసింది గోపికే. జాబితా ఐదింటికి మూసేస్తారు. పేరు ఉన్నవాళ్లను మర్నాడు బస్సులో తీసుకెళ్తారు, లేనివాళ్లు మళ్లీ ఏడాదిదాకా ఆగాలి. అర్ధవీడు అవతల, అడవి అంచున ఉన్న ఒక గూడెం నుంచి రాము అనే అతను రెండు రోజులుగా ఫోన్లో పేర్లు చెప్పాడు. గోపిక టైపు చేసింది, ఆదిశేషు నొక్కాడు. ముప్పై ఎనిమిది సార్లు ఫ్యాన్ ఆగింది. తెర మీద ముప్పై ఎనిమిది, పలక మీద ముప్పై ఎనిమిది.

ఎందుకైనా మంచిదని గోపిక పేజీ మూసి మళ్లీ తెరిచింది. గూడెం జాబితాలో ఒకే ఒక్క పేరుంది. అన్నిటికన్నా చివర ఎక్కించిన సుబ్బమ్మ, డెబ్భై ఒక్క ఏళ్లు.

ఇంకోసారి తెరిచింది. సుబ్బమ్మే.

తన కోడ్ వరసలు వెతికింది. మనిషిని గుర్తుపట్టడానికి ఆమె ఫోన్ నంబరు పెట్టింది. అదే నంబరు మళ్లీ వస్తే, పాత మనిషే వివరాలు మార్చుకుంటున్నాడనుకుని సర్వర్ పాత పేరు తీసేసి కొత్త పేరు రాసుకుంటుంది. ఆ గూడెంలో సిగ్నల్ అందేది రాము ఇంటి వెనక బండమీద మాత్రమే. అందుకని గూడెమంతా రాము నంబరే ఇచ్చారు. తెర మాత్రం సర్వర్‌ను అడగకుండా, నొక్కిన పేరల్లా తన జాబితాలో కలుపుకుంటూ పోయింది.

వెనక ఎవరో నిలబడినట్టు అనిపించి తిరిగి చూసింది. ఆదిశేషు పలకను చూశాడు, తెరను చూశాడు.

"అంత పెద్ద బస్సులో సుబ్బమ్మ ఒక్కతే పోతదా పాపా?" అన్నాడు.

"తప్పు నాదే అన్నా..." అంటుండగానే ఫోన్ మోగింది. ట్రస్టు పనులు చూసే అబ్రహాము.

"శేషూ, ఆ గూడెం నుంచి ఒక్క పేరే కనపడుతోంది. ఒక్కరికి బస్సు పంపీలేను, ఇంకో ఊరికి ఇచ్చేస్తా. ఎవరు నొక్కినారు ఇవన్నీ?"

గోపిక కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"నేనే అన్నా," అన్నాడు ఆదిశేషు.

"కొత్తపిల్లను పెట్టుకున్నావంట గదా?"

"లాగ్ తెరిచి చూడు. ఎవరు నొక్కినారో పేరుతో సహా ఉంటది. ముప్పై ఎనిమిదిసార్లూ నేనే."

"ఏందయ్యా నువ్వు. బడిపిల్లల పేర్లు పోగొట్టినప్పుడు గూడా నువ్వే."

"అప్పుడు గూడా నేనే. తిట్టేది ఐదు తర్వాత తిట్టు. అంతవరకు బస్సు ఎవురికీ ఇయ్యొద్దు."

బడిపిల్లల జాబితా పాడుచేసింది హరికృష్ణ రాసిన కోడే అని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ హరికృష్ణ ఇప్పుడు హైదరాబాదులో మంచి ఉద్యోగం చేసుకుంటున్నాడు. గోపిక ఆదిశేషు ముఖంలోకి చూసింది. ఈయన భయమంతా బటన్ గురించి కాదని ఆమెకు అప్పుడు తెలిసింది.

"అట్ల చూస్తా కూసుంటే ఎట్ల? నంబరు సంగతి చూడు," అన్నాడాయన.

ఆమె ఫోన్ నంబరును పక్కనపెట్టి, ఒక్కో మనిషికి ఒక్కో వేరే సంఖ్య పడేట్టు మార్చింది. ప్రతి నొక్కు తర్వాత తెర సర్వర్‌నే అడిగేట్టు రాసింది. ఒకటికి నాలుగుసార్లు పేజీ మూసి తెరిచి చూసేసరికి నాలుగు దాటింది. రాము మళ్లీ సిగ్నల్ అందే బండ మీదికి ఎక్కాడు. ముసలివాళ్లంతా కింద వరసకట్టారు.

"పేరు చెప్పు అవ్వా," అని రాము కిందికి కేకేశాడు.

"మొన్ననే చెప్పినా గదా. రెండు దినాల్లో మారుతదా?"

పదో పేరు దగ్గర ఆదిశేషు ఫ్యాన్ సంగతి మరిచాడు. ఇరవయ్యో పేరు దగ్గర పలక ఎక్కడ పెట్టాడో మరిచాడు. కళ్లు మాత్రం మూసుకుంటూనే ఉన్నాడు. నాలుగూ యాభైకి ముప్పై ఏడు అయ్యాయి. భీమయ్య ఒక్కడు మిగిలాడు.

"తాత మేకల వెంట పోయినాడు," అన్నాడు రాము. "చూపు ఆనదు. మెడగంటలు విని మేకల్ని తోలుకుంటాడు. మావోళ్లు పిలవను పోయినారు."

యాభై మూడు. యాభై అయిదు. యాభై ఏడుకు ఫోన్లో గంటల చప్పుడు వినిపించింది, దాని వెనకే భీమయ్య రొప్పు.

ఆమె పేరు టైపు చేసింది. ఆదిశేషు చెయ్యి చాపేలోగా మౌస్ మీద తన చెయ్యి పెట్టింది.

"చెయ్యి తీయి పాపా. తేడా వస్తే నొక్కినోళ్లనే అడుగుతారు."

"అడగనీ అన్నా."

కళ్లు తెరుచుకునే నొక్కింది. ముప్పై ఎనిమిది. పేజీ మూసి తెరిచింది. ముప్పై ఎనిమిదే.

సరిగ్గా ఐదింటికి అబ్రహాము ఫోన్ చేశాడు. "శేషూ, ఐదైంది. మొదలుపెట్టనా?"

గోపిక ఫోన్ లాక్కుంది. "ముప్పై ఎనిమిదీ పడ్డాయి, మేకల వెంట పోయిన భీమయ్య తాత పేరుతో సహా. ఆ ఫారం రాసింది నేనన్నా. సగం నన్ను తిట్టండి."

"సగం సగం తిట్టడం నాకు చేతకాదమ్మా," అన్నాడు అబ్రహాము. "బస్సు రేపు పొద్దున ఆరింటికల్లా గూడెం మలుపు కాడ ఉంటది. మేకల్ని ఎక్కించొద్దని ఆ తాతకు మాత్రం చెప్పండి."