మావయ్య చెప్పని జవాబు

మొన్న పొద్దున్న హాడోలో మా ఇంటి వసారాలో కూర్చుని టీ తాగుతూ ఫోను చూసుకుంటున్నాను. పడవ ఇంజన్ల వాళ్ళంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఒకటుంది, రిటైరయ్యాక కాస్త కాలక్షేపంగా ఉంటుందని మా అమ్మాయి నన్నూ అందులో చేర్పించింది. కొత్తగా డీజిలు పడవ కొనుక్కున్న ఒకతను ఇంజన్ ఫొటో పెట్టి, స్టార్టవడం లేదు, ఏం చెయ్యాలో తొందరగా చెప్పండి అని హిందీలో రాశాడు. ఫొటో పెద్దది చేసి చూస్తే ట్యాంకు కింద డీజిలు కుళాయి మూసే ఉంది. అప్పటికే పదకొండు మంది పదకొండు రకాల సలహాలిచ్చేశారు, ఒకాయన నాజిల్ మార్చమన్నాడు, ఇంకొకాయన ఏకంగా ఇంజన్ విప్పించమన్నాడు. నేను కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కో అక్షరమూ వెతుక్కుంటూ, డీజిలు వస్తోందో లేదో చూశావా బాబూ అని రాశాను. క్షణంలో జవాబొచ్చింది. "అంకుల్, ఆప్ సీధా బోలో నా, క్యా కర్నా హై." ఏం చెయ్యాలో సూటిగా చెప్పమంటున్నాడు. చూడడం తన పని కాదు, చెప్పడం నా పని అన్నట్టుంది ఆ మాట.

కోపం వచ్చిన మాట నిజం. గట్టిగానే నాలుగు వాక్యాలు టైపు చేశాను. పంపబోతూ ఆగిపోయాను, ఎందుకంటే పందొమ్మిదేళ్ళప్పుడు నేనూ అచ్చంగా అలాంటివాణ్ణే, నిజానికి అంతకంటే కనాకష్టం. ఇతను అడిగాడే గాని అబద్ధమాడలేదు. నేను అబద్ధం కూడా ఆడాను, ఆ అబద్ధం ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

మా తాతలు శ్రీకాకుళం తీరం నుంచి వలలతో సహా ఓడెక్కి ఈ దీవులకి వచ్చినవాళ్ళు. నాన్న మాత్రం సముద్రం వదిలేసి చాతం సా మిల్లులో కలప కోసే పనికి కుదిరాడు. ఆ రోజుల్లో బాంబూఫ్లాట్ ఫెర్రీ కోసం చాతం జెట్టీ మీద నిలబడితే పచ్చి పడౌక్ చెక్క పొట్టు వాసన గుప్పుమనేది, నా వయసువాళ్ళకి ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉండే ఉంటుంది. నాన్న ఇంటికొస్తే చొక్కా విప్పకముందే ఆ వాసన ఇల్లంతా పరుచుకునేది. నన్నూ మిల్లులోనే పెట్టించాలని ఆయన ఆశ. నేను పదో తరగతి రెండుసార్లు తప్పాక ఆ ఆశ వదులుకున్నాడు, అమ్మ నన్ను తీసుకెళ్ళి తన తమ్ముడి దగ్గర దింపి వచ్చింది.

మావయ్య ఉండేది మాయాబందర్‌కి పడవ మీద రెండు గంటల దూరంలో ఉన్న ఒక చిన్న దీవిలో. వేటే జీవనం. ఆ దీవిలో తెడ్డూ తెరచాపా మానేసి పడవకి డీజిలు ఇంజన్ బిగించుకున్న మొదటి మనిషి ఆయనే. ఇంజన్ ఎక్కడ ఏ చప్పుడు చేసినా ఆయనకి తెలిసిపోయేది, అంచేత పుట్టుకతోనే ఆ విద్య అబ్బిందని నేననుకునేవాణ్ణి. అలా అనుకోవడంలో నాకో సుఖం ఉండేది. ఆయనకి పుట్టుకతో వచ్చింది కాబట్టి నాకు రానందుకు నా తప్పేమీ లేదు.

ఏది అడిగినా ఆయన నోట ఒకటే మాట వచ్చేది. "సూసేవా?" చూడలేదంటే వెళ్ళి చూసి రమ్మనేవాడు. చూశానంటే, ఏం చూశానో చెప్పమనేవాడు. అదీ అయ్యాక గాని పెదవి విప్పేవాడు కాదు. తెలిసింది చెప్పడానికి ఈయనకింత పిసినారితనమేమిటని నేను లోపల్లోపల ఉడికిపోయేవాణ్ణి. తర్వాత ఒక కిటుకు కనిపెట్టాను. అన్నాల దగ్గర, అత్త చేపల పులుసు వడ్డిస్తున్నప్పుడు అడిగేవాణ్ణి. కుర్రాడు అడుగుతుంటే చెప్పరేం అని అత్త కేకలేసేది, ఆయన విసుక్కుంటూ చెప్పేసేవాడు. ఆరు నెలలు అలా అత్త చలవతో గడిపేశాను.

ఒకరోజు ఆయన ఇంజన్‌తో పాటు వచ్చిన పుస్తకం నా చేతిలో పెట్టి చదవమన్నాడు. ఇంగ్లీషు పుస్తకం, గ్రీజు మరకలతో నల్లబడి, ఆకులు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంది. ఇంగ్లీషంటేనే నాకు పదో తరగతి గుర్తొచ్చేది. అట్ట తెరవకుండానే ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఇంజన్ పక్కనున్న సామాను పెట్టెలో పడేశాను. నెల తర్వాత ఆయన అడిగాడు, చదివానని చెప్పాను. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ చదివాననే చెప్పాను, రెండోసారి మరీ కాస్త విసుగ్గా.

వానలు మొదలయ్యే రోజుల్లో మావయ్యకి జ్వరం పట్టుకుంది. మలేరియా మా దీవిలో ప్రతి ఇంటికీ వచ్చే చుట్టమే, రెండు రోజులు వణికి మూడో రోజు లేచి వేటకెళ్ళిపోయేవాళ్ళు. ఈసారి మూడో రోజు ఆయన లేవలేదు. నాలుగో రోజు పొద్దున్నకి అత్త పిలిస్తే పలకడం మానేశాడు, కళ్ళు సగం తెరిచే ఉన్నాయి గాని మనుషుల్ని చూడ్డం లేదు. మాయాబందర్ ఆసుపత్రి తప్ప దారి లేదు. పడవలో టార్పాలిన్ పట్టా పరిచి పడుకోబెట్టాం, అత్త ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చుక్కాని దగ్గర పడవ నడిపే సారంగు, ఆయన రాంచీ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాడు, మావయ్యతో ఏళ్ళ తరబడి వేటకి వెళ్ళినవాడు. ఇంజన్ దగ్గర నేను. హ్యాండిల్ తిప్పగానే ఇంజన్ అందుకుంది. భయం మధ్యలో కూడా, ఇవాళ ఇది నా చేతుల మీద నడుస్తోందని కొంచెం గర్వపడ్డానని ఒప్పుకోవాలి.

దీవి వదిలి ముప్పావుగంట వచ్చాం. ఎడమచేతి వైపు నీళ్ళ కింద పగడపు రాళ్ళ బారు ఉంటుంది, దూరం నుంచి తెల్లటి నురగ గీతలా కనిపిస్తుంది. దాన్ని దాటుతుండగా ఇంజన్ శబ్దం ఒకసారి హెచ్చి, ఒకసారి తగ్గి, రెండుసార్లు దగ్గినట్టయి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకింకా గుర్తుంది. అలలు చెక్కకి తగిలే చప్పుడూ, మావయ్య గురకలాంటి ఊపిరీ, అంతే.

నేను హ్యాండిల్ తిప్పాను. మళ్ళీ తిప్పాను. అరచేతులు బొబ్బలెక్కి, బొబ్బలు చితికేదాకా తిప్పుతూనే ఉన్నాను, ఎందుకంటే నాకు తెలిసింది అదొక్కటే. సారంగు లంగరు వేశాడు. అది నేల పట్టలేదు, అడుగున ఇసక మీద జారుతూ వస్తోంది, పడవ కొద్దికొద్దిగా ఆ నురగ గీత వైపు పోతోంది. "క్యా హువా భయ్యా, చలేగా కి నహీ?" అని ఆయన అడిగాడు. నడుస్తుందో నడవదో నాకెలా తెలుస్తుంది.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది. వెళ్ళి మావయ్య భుజాలు పట్టుకుని కుదిపాను. "మావా, ఇంజన్ ఆగిపోనాది. ఏటి సెయ్యమంటావు? ఒక్కపాలి సెప్పు మావా." ఒళ్ళు కాలిపోతోంది. ఆయన కళ్ళు నా మీదుగా ఎక్కడికో చూస్తున్నాయి. ఇంకా గట్టిగా కుదిపాను. స్పృహలేని మనిషిని, చావుకి దగ్గర్లో ఉన్న మనిషిని, నా పని చెప్పమని అడుగుతున్నాను.

అత్త నా చెయ్యి తీసేసింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే నాకు మరీ భయమేసింది.

"ఆయన్నేటి అడుగుతావు? ఆయనకి తెలివి నేదు. ఎల్లి నువ్వు సూడు."

నేను వెళ్ళి సామాను పెట్టె తెరిచాను. స్పానర్ల కింద ఆ ప్లాస్టిక్ సంచీ ఉంది. అంటుకుపోయిన ఆకుల్ని గోళ్ళతో ఒకటొకటిగా విడదీస్తుంటే రెండు చినిగాయి. పడవ ఊగుతోంది, అక్షరాలు ఊగుతున్నాయి, చేతి నెత్తురు కాగితాలకి అంటుతోంది. ఇంగ్లీషు వాక్యాలు ఎప్పట్లాగే గోడల్లా నిలబడ్డాయి. పుస్తకం సముద్రంలోకి విసిరేద్దామనుకుంటుండగా ఒక బొమ్మ పక్కన పెన్సిలు గీతలు కనబడ్డాయి. వంకరటింకర తెలుగు అక్షరాలు. చిన్నపిల్లలు పలకమీద దిద్దినట్టున్నాయి. చూస్తే ప్రతి పేజీ అంచులోనూ ఉన్నాయి.

నాలుగో తరగతితో బడి మానేసిన మావయ్య ఆ పుస్తకాన్ని మాట మాటా కూడబలుక్కుని చదివాడు. పుట్టుకతో వచ్చిన విద్య కాదది. నడుస్తూ నడుస్తూ ఆగిపోయే ఇంజన్ గురించిన పేజీలో, బాణం గుర్తు పక్కన ఇలా రాసి ఉంది. బ్లీడ్ అంటే నెత్తురు కారడం. ఇక్కడ గాలి కారడం. ముందు నీళ్ళు సూడు.

నేను డీజిలు వడకట్టే ఫిల్టరు గాజు గిన్నె వైపు చూశాను. ఆరు నెలలుగా రోజూ నా కళ్ళెదుటే ఉన్న గిన్నె. అడుగున రెండు వేళ్ళ మందాన నీళ్ళు డీజిలు నుంచి విడిపోయి తేటగా నిలబడి ఉన్నాయి. డీజిలు పీపా మూత సరిగా బిగించకుండా వానలో వదిలేసింది నేనే. గిన్నె విప్పి పారబోసి, తుడిచి, బిగించాను. బొమ్మలో చూపించిన మర వదులు చేస్తే గాలితో కలిసి బుసబుసమని నురగ వచ్చింది, నురగ పోయి నిండు ధార వచ్చేదాకా ఆగి బిగించాను. హ్యాండిల్ తిప్పాను. ఇంజన్ పలకలేదు.

నురగ గీత ఇప్పుడు గీతలా లేదు. అల విరిగినప్పుడల్లా రాళ్ళ నల్లటి వీపులు కనబడుతున్నాయి. సారంగు తెడ్డు తీసి పడవ ముందు భాగంలో నిలబడ్డాడు, రాయి తగిలితే నెట్టడానికి. ఆ తెడ్డుతో ఏమీ ఆగదని ఆయనకీ తెలుసు. అత్త తన చీర చెంగుతో మావయ్యని తన నడుముకి కట్టుకుంటోంది. ఎందుకు కట్టుకుంటోందో నాకు అర్థమైంది.

మళ్ళీ పుస్తకం దగ్గరికి వెళ్ళాను. ఆకు తిప్పితే కింద ఇంకో మాట. రెండు సోట్ల. ఒకటి సేసి ఊరుకుంటే నడవదు. రెండో బాణం పంపు మీదుంది. ఆ మర వదులు చేశాను, అక్కడా నురగే. అది ఆగేదాకా ఎంతసేపయిందో నాకు తెలీదు, బహుశా ఒక నిమిషం. బిగించి, హ్యాండిల్ అందుకుని, పట్టు జారిపోతుంటే చొక్కా విప్పి చేతికి చుట్టుకుని తిప్పాను. ఒక దగ్గు. ఇంకోసారి తిప్పాను. నల్లటి పొగ కక్కి ఇంజన్ అందుకుంది.

లంగరు ఎత్తే వ్యవధి లేదు. సారంగు కత్తితో తాడు కోసేసి ఒక్క ఉదుటున చుక్కాని పట్టుకున్నాడు. పడవ కడుపు దేన్నో రాసుకుంటూ పోయిన చప్పుడు మేమందరం విన్నాం, తర్వాత నీళ్ళు మళ్ళీ నీలంగా మారాయి. మాయాబందర్ జెట్టీలో దిగి ఆయన్ని ఆసుపత్రిలో చేర్పించాం. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అత్తతో అన్నాడు. మేము ఆ సముద్రంలో పోగొట్టుకున్నది గంటన్నర.

పన్నెండు రోజుల తర్వాత మావయ్య ఆసుపత్రి మంచం మీద కూర్చుని జావ తాగుతుండగా నేను అబద్ధం సంగతి చెప్పేశాను. ఆయన గిన్నె దించకుండానే అన్నాడు.

"తెలుసురా. ఆకులు అంటుకున్నవి అంటుకున్నట్టే ఉండీవి కదా."

"మరి తిట్టలేదేం మావా?"

ఆయన గిన్నె పక్కన పెట్టాడు. "నాదీ తప్పే. నాలుగు ముక్కలు సెప్పీసుంటే పోయీది. నాను కష్టపడ్డాను గనక నువ్వూ పడాలనుకున్నాను." ఆయన అలా అంటాడని నేననుకోలేదు. తిట్టినా బాగుండేది.

ఆయన ఆ పుస్తకం ఎలా చదివాడో అత్త తర్వాత చెప్పింది. తెలియని మాటలు ఒక కాగితమ్మీద బొమ్మ గీసినట్టు దించుకుని, మాయాబందర్‌లో చేపలు అమ్మిన రోజున బడి మేష్టారి దగ్గరికి పట్టుకెళ్ళేవాడట. అంటే ఆయనా అడిగాడు. అడక్కుండా ఎవరికీ ఏదీ రాదు. కాకపోతే తనకి తెలియనిదేదో ముందు తెలుసుకుని, దాన్ని చేత పట్టుకుని వెళ్ళి అడిగాడు. నేను ఆ తర్వాత ముప్పై రెండేళ్ళు పడవల మీద ఇంజన్ డ్రైవరుగా చేశాను, నా చేతికింద ఎందరో పనిచేశారు. వాళ్ళకి చూడమనీ చెప్పాను, అవసరమైనచోట జవాబూ చెప్పాను. రెంటిలో ఏది ఎప్పుడు చెప్పాలన్నది మాత్రం ఏ రోజుకా రోజు కొత్తగానే ఉండేది.

గ్రూపులో టైపు చేసిన ఆ నాలుగు వాక్యాలూ చెరిపేసి, కుళాయి తిప్పమని రాశాను. రెండు నిమిషాల్లో ఇంజన్ నడిచిందన్నాడు. ఎందుకు నడిచిందని అడుగుతాడేమోనని కాసేపు చూశాను. అడగలేదు.

ఇప్పుడు ప్రశ్నకీ జవాబుకీ మధ్య వ్యవధే లేదు. మా రోజుల్లో అది బారెడుండేది, మేము నేర్చుకున్నదంతా ఆ మధ్యలోనే, భయపడుతూ, చేతులు చితక్కొట్టుకుంటూ నేర్చుకున్నాం. దాన్ని తలుచుకుని ఆ కాలమే మంచిదని అనాలని నోటిదాకా వస్తుంది. అనలేను. ఆ రోజు నా జేబులో ఫోనుంటే నేనూ అందరికంటే ముందు అడిగేవాణ్ణి, ఎవరో ఒకరు చెప్పేవారు, మావయ్య గంటన్నర ముందే ఆసుపత్రి చేరేవాడు, అత్త ఆయన్ని తన నడుముకి కట్టుకునేది కాదు. నా జీవితంలో నాకు ఏదైనా వచ్చిందంటే ఆ గంటన్నరలోనే వచ్చింది. అయినా అలాంటి గంటన్నర ఇంకొకరికి రావాలని కోరుకోవడానికి నాకు నోరు రాదు.