రేడియోకి కాపడం

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొబ్బరి నూనె తగలని వస్తువంటూ ఉండేది కాదు. తల సంగతి సరే, తలుపు కిర్రుమన్నా, కుట్టుమిషను బిగిసినా, దూడ కాలికి దెబ్బ తగిలినా మా నాయనమ్మ చెయ్యి ముందు నూనె సీసా మీదికే పోయేది. కోనసీమలో పుట్టినవాళ్ళకి ఇందులో వింతేమీ కనిపించదు. ఈ మాట మాత్రం కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరపడుతుంది.

మాది అల్లవరం వైపు ఊరు. మా తాతయ్యకి ఒక నల్ల కారు ఉండేది. చుట్టుపక్కల కారున్నవాళ్ళే తక్కువ, అందులోనూ రేడియో ఉన్న కారు అదొక్కటే. ఆ రేడియో తరవాత కొని పెట్టించింది కాదు, కారుతోపాటే కంపెనీలో బిగించి వచ్చింది. రెండు గుండీలు, వాటి మధ్య గాజు పలక, పలక వెనకాల నిలువుగా ఒక ఎర్ర ముల్లు. కుడి గుండీ తిప్పితే ముల్లు జరుగుతూ ఒక్కో స్టేషను దగ్గరికీ వెళ్ళేది. తాతయ్య తెల్లారగానే కాఫీ గ్లాసుతో కారు పాకలోకి వెళ్ళి కూర్చునేవారు, పక్క సీటు నాది. ఇద్దరం వార్తలు వినేవాళ్ళం. నాకు వార్తలు ఏమర్థమవుతాయి, ఆ కూర్చోవడమే నాకు గొప్ప. సాయంత్రం పాటలయ్యాక, రేడియో ఆపేముందు ముల్లును ఎడమ చివరికంటా తెచ్చి వదలడం తాతయ్య పద్ధతి. పడవని రేవులో కట్టెయ్యకుండా ఇంటికి పోతామా అనేవారు.

ఒక ఏడాది చలి మొదలవగానే ఆ ముల్లు మొండికేసింది. పొద్దున్న గుండీ తిరుగుతుంది గాని ముల్లు ఎడమ చివర్నుంచి కదలదు. బుస్సుమనే చప్పుడు తప్ప ఇంకేమీ రాదు. తాతయ్య ఆ మాట మా నాన్నగారితో చెప్పారు. నాన్నగారికి అమలాపురంలో ఉద్యోగం, తెల్లవారకముందే మొదటి బస్సు పట్టుకోవాలి. సాయంత్రం వచ్చాక గుండీ తిప్పి చూస్తే ముల్లు చక్కగా కదిలింది, పాట కూడా వచ్చింది. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే తంతు. ఇలా కాదని ఒక మధ్యాహ్నం అమలాపురం నుంచి రేడియో మెకానిక్కుని పిలిపించారు. అతను ముల్లును ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెత్తించి చూపించి, రేడియోకేమీ జబ్బు లేదు, పెద్దాయన గుండీ సరిగ్గా తిప్పుతున్నారో లేదో చూసుకోండని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఇంట్లో పాతుకుపోయింది. ఆయనకి చాదస్తం మొదలైందని ముందుగా అన్నది మా నాయనమ్మే. నేను కళ్ళారా చూశాను కాబట్టి సాక్ష్యం చెప్పబోయాను. తాత తానా అంటే మనవరాలు తందానా అంటుందని అందరూ నవ్వేశారు. నాన్నగారు నవ్వలేదు గాని, అంతకన్నా పెద్ద పనే చేశారు. రేడియో తిప్పుకోలేని మనిషి కాలవ గట్టు మీద కారేం తిప్పుతారని, తాళం తీసి తన జేబులో వేసుకున్నారు. ఆయన భయంలో అన్యాయం లేదు. ఆ గట్టుకి ఒకపక్క కాలవ, ఒకపక్క వరిచేలు, ఎదురుగా ఎడ్లబండి వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి పోవాల్సిందే. కానీ తాతయ్యకి కారంటే తోటకి వెళ్ళడం, అమలాపురం వెళ్ళి కొబ్బరికాయల బేరం తనే చూసుకోవడం, ఇంకా తన కాళ్ళ మీద తను నిలబడి ఉండడం.

అయినా ఆయన పొద్దున్నే వెళ్ళి కార్లో కూర్చోవడం మానలేదు. రేడియోకి తాళంతో పనిలేదు, కానీ దాని జోలికి వెళ్ళేవారు కాదు. ఒకరోజు కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా నావైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగారు.

"ఏమ్మా, ముల్లు నిజంగానే కదల్లేదు కదూ?"

కదల్లేదు తాతయ్యా అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఊరందరికీ సలహాలు చెప్పే మనిషి, తన కళ్ళు చూసింది నిజమో కాదో నన్ను అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పెద్దత్త, అంటే నాన్నగారి అక్క, ఆత్రేయపురం నుంచి చుట్టపుచూపుగా వచ్చింది. పూతరేకుల చెయ్యి ఆవిడది. మాట పెద్దది, నవ్వు ఇంకా పెద్దది, ఎవరికీ జంకే మనిషి కాదు. వచ్చిన రోజే ఇంట్లో తలో మాటా చెప్పారు. ఆవిడ అన్నిటికీ ఆయ్ ఆయ్ అంటూ విని ఊరుకుంది. మర్నాడు శనివారం పొద్దున్న పెరట్లో నాకు జడ వెయ్యడానికి కూర్చుంది.

"అది ఎప్పుడు పలకట్లేదో అందరూ చెప్పేరు. ఎప్పుడు పలుకుతోందో నువ్వు చెప్పవే," అంది.

అలా నన్నెవరూ అడగలేదు. నేను ఆలోచించాను. పాక ముఖం పడమటికి. మధ్యాహ్నం దాటితే గాని కారు అద్దం మీద ఎండ పడదు. ఎండ పడ్డాక పలుకుతుంది, చీకటి పడ్డాక కూడా కాసేపు బాగానే ఉంటుంది, మళ్ళీ తెల్లారేసరికి మూగబోతుంది. ఆ మాటే చెప్పాను. నా తలమీద అత్త చెయ్యి ఆగిపోయింది. రెండో చేతిలో నూనె సీసా ఉంది. చలికి నూనె తెల్లగా పేరుకుపోతే, కరగడానికని అంతసేపూ ఎండలో పెట్టి తెచ్చుకున్న సీసా అది. ఆవిడ సీసా వంక చూసింది, వంటింటి వంక చూసింది.

"అమ్మా, ఆ రేడియోలో ఏవన్నా పోసేవా?"

వానాకాలంలో గుండీ బిగిసిపోయిందని తాతయ్య విసుక్కుంటుంటే చూడలేక, గుండీ ఊడదీసి, సందులోంచి కాస్త కొబ్బరి నూనె పోశానని నాయనమ్మ లోపల్నుంచే చెప్పింది. అందులో దాచాల్సిందేముందన్నట్టు చెప్పింది. అత్త నా జడ పూర్తిచేసింది.

మర్నాడు ఆదివారం. నాన్నగారికి సెలవు. చలి వదలకముందే అత్త అందరినీ లేపి పాక దగ్గరికి తీసుకొచ్చింది. నాన్నగారినే గుండీ తిప్పమంది. గుండీ తిరిగింది, ముల్లు కదల్లేదు. ఆయన మళ్ళీ తిప్పారు, ముందుకి వంగి చూశారు, మొహం మారిపోయింది. అప్పుడు అత్త, నాయనమ్మ మోకాళ్ళకి పెట్టుకునే వేడినీళ్ళ రబ్బరు సంచీ తెచ్చి గాజు పలకకి ఆనించి పట్టుకుంది. రేడియోకి కాపడం ఏమిటే, నీకూ మీ నాన్న గాలి సోకిందా అని నాయనమ్మ వేళాకోళం చేసింది. అత్త పట్టించుకోలేదు. నీళ్ళు చల్లారితే మళ్ళీ మరిగించి తెమ్మని నన్ను పరిగెత్తించింది. చాలాసేపటికి గుండీ తిప్పితే ముల్లు ముందు వణికింది, తరవాత నెమ్మదిగా జరిగింది. వార్తలు చదివే ఆయన గొంతు పాకంతా నిండింది.

"నాన్నగారు చెప్పిందీ నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే తమ్ముడూ. మీరిద్దరూ చెప్పిన పూటలే వేరు. ఆ పూటకి వచ్చి చూడకుండా ఆయన్ని పిచ్చివాణ్ణి చేసేరు," అంది అత్త.

నాన్నగారు ఇంట్లోకి వెళ్ళి చొక్కా జేబులోంచి తాళం తెచ్చి తాతయ్య చేతిలో పెట్టి, అలాగే తలొంచుకుని నిలబడ్డారు. తాతయ్య ఆయన భుజం తట్టారు. తరవాత నాయనమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి, నువ్వు పోసిన నూనె నువ్వే కరిగించుకోమని రబ్బరు సంచీ ఆవిడ ఒళ్ళో పడేశారు. నేనూ అత్తా వెనక ఎక్కాం. నాయనమ్మ రేడియోకి కాపడం పెడుతూ, మధ్యమధ్య తాతయ్యని తిడుతూ, కాలవ గట్టు మీద అల్లవరం దాకా వెళ్ళొచ్చాం. తాతయ్య అంత నిదానంగా, అంత సొగసుగా కారు నడపడం నేను మళ్ళీ చూడలేదు.

మధ్యాహ్నం అరుగు మీద పాత దుప్పటి పరిచి ఆయనే రేడియో విప్పారు. గుండీ తిప్పితే లోపల ఒక దారం లాగుతుంది, ఆ దారం ముల్లును సన్నటి ఇనప కడ్డీ మీద జరుపుతుంది. అంతే దాని కథ. ఆ కడ్డీ నిండా నూనె, దుమ్ము కలిసి జిడ్డులా పట్టేశాయి. చలికి అది గడ్డకడితే ముల్లు అతుక్కుపోతుంది, దారం ఉత్తినే జారుతుంది. కిరసనాయిలు తడిపిన గుడ్డతో కడ్డీ తుడిచే పని నాకిచ్చారు. తుడిచాక ఒక్క చుక్క మిషన్ నూనె వేశారు. ఆ పైన ఏ చలికీ ఆ ముల్లు ఆగలేదు.

ఆ కారు ఇప్పుడు అమలాపురంలో మా ఇంటి ముందుంది, దాని చోట్లో అదే రేడియో ఉంది. ఈమధ్య అది మూగబోతే మా అబ్బాయి తీసేసి స్క్రీను పెట్టిద్దామన్నాడు. ఎప్పుడు పలుకుతోందిరా అని అడిగాను. ఆగి ఉన్నప్పుడు పలుకుతోంది, గతుకుల్లో పోతోంది అన్నాడు. అయితే రేడియో కాదు, వదులైన తీగేదో చూడమన్నాను. వెనకాల ఉప్పుగాలికి తుప్పుపట్టి, తీగని వదిలేసిన బోల్టు ఒకటి దొరికింది. గీకి బిగిస్తే రేడియో మళ్ళీ పలకడం మొదలెట్టింది.

నేను నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. అమ్మకి మతి చెదిరింది, ఏదేదో చెబుతోంది అంటూ పిల్లలు పెద్దవాళ్ళని పట్టుకొచ్చేవారు. డాక్టరుగారు వచ్చేలోగా నేను ఆ పెద్దావిడ పక్కన కూర్చుని, ఏ పూట అలా ఉంటోందమ్మా, ఏ పూట బాగుంటోంది అని అడిగేదాన్ని. అన్నిసార్లూ జవాబు దొరికేది కాదు. దొరికినా దొరక్కపోయినా, తన కళ్ళు చూసింది నిజమేనా అని ఆ మనిషి ఇంకొకరిని గొంతు తగ్గించి అడగాల్సిన పని నా ముందు రాకూడదని నా పట్టుదల. ఇప్పుడు నాకూ తాతయ్య వయసు వచ్చింది. కారు తాళం నా కొంగునే ఉంది.