పెద్ద పటేల్ నిమ్మళమైన రక్తం

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది, ఉద్యోగం కూడా దానికి తగ్గదే దొరికింది. ఒక్కొక్కరి జన్యువుల్లోని తేడాను బట్టి తెల్లరక్త కణాలు రోగం కబురును ఎలా అందుకుంటాయో, పక్క కణానికి ఎలా చేరవేస్తాయో చూసే పరిశోధన అది. చెప్పుకోవడానికి గొప్పే. నా వంతు మాత్రం జనగామ నుంచి స్కూటీ మీద ఊళ్లు తిరిగి రక్తం తీసి, కణాలు చావకముందే ల్యాబుకు చేర్చడం. పది జతల తోబుట్టువుల దగ్గర రెండేసిసార్లు తీసుకొస్తేనే కొలువు పొడిగిస్తామన్నారు. తొమ్మిది జతలు పూర్తయ్యాయి. పదో జత తరిగొప్పుల దగ్గరి పెద్ద పటేల్, చిన్న పటేల్ (పొలం గెట్టు తగాదాతో పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు, నా అదృష్టం అలాంటిది).

మొదటిసారి ఇద్దరూ ఇచ్చారు. రెండోసారి చిన్న పటేల్ దగ్గర తీస్తూ, ఆయన కణాలు కబురందగానే గోలగోల చేస్తాయనీ, అన్నగారివి నెమ్మదనీ వాగేశాను. ఎక్కువైనా తక్కువైనా అది గొప్పా కాదు, లోపమూ కాదు. అసలు ఫలితాలు బయటపెట్టనని సంతకం చేసింది కూడా నేనే. సాయంత్రానికల్లా సంగతి ఊరి వాట్సాప్‌లోకి ఎక్కింది. మర్నాడు వెళ్తే పెద్ద పటేల్ అరుగు మీద నా కోసమే కూర్చుని ఉన్నాడు.

"నా రక్తంల పౌరుషం లేదన్నవట. గిప్పుడు తీయి, సూద్దం."

తీశాను. ల్యాబులో చూస్తే ఈసారి కణాలు అసలు ఉలకవు, పలకవు. తీరా ఆరా తీస్తే, తమ్ముణ్ణి మించాలని ఆయన ముందురోజే ఊరి ఆరెంపీ డాక్టరుతో బలానికని 'తాకత్ సూది' వేయించుకున్నాడట. అది కణాల నోరు మూయించే స్టెరాయిడ్. నాకు తల బాదుకోవాలనిపించింది. మందు ప్రభావం పోయాక మళ్లీ ఇవ్వమంటే, ఇక ఇచ్చేది లేదని తలుపేసుకున్నాడు. నెల రోజులు ఆ గడప చుట్టూ తిరిగాను.

అంతలో చిన్న పటేల్ జ్వరంతో జనగామ దవాఖానలో పడ్డాడు. రోగం కన్నా దాని మీద ఒంట్లోని కణాలు చేసే హడావిడే ఎక్కువైందని డాక్టర్లు అన్నారట. ఆ మరునాడు పెద్ద పటేల్ తనంతట తానే మా ఆఫీసుకొచ్చి చొక్కా చెయ్యి మడిచాడు.

"మావోనిది ఊకె ఎగురుతదట గద. నాది నిమ్మళమైనదంటివి. జరంత వానికెక్కియ్యి, బిడ్డా."

అలా కుదరదని రెండుసార్లు చెప్పాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"అయితేమాయె, తీయి. వానిదెందుకు ఎగురుతదో, నాదెందుకు ఎగురదో గదన్న తెలుస్తది."

గొట్టం నిండింది. నేను సంతోషం పట్టలేక, పది జతలూ పూర్తయ్యాయని గట్టిగా అనేశాను. చిన్న పటేల్‌కు ఎలా ఉందని అడగనే లేదు. చివరికి ఆయనే చొక్కా చెయ్యి దించుకుంటూ, "ఇయ్యాల జర నయమే," అన్నాడు.

కొలువు పొడిగించారు. ఇప్పుడు ఎవరి రక్తం తీసినా, ముందు ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడుగుతాను. ఆ మాట అడిగినప్పుడల్లా స్కూటీ మీద తిరిగిన ఆ కోపిష్టి పిల్ల గుర్తొచ్చి కొంచెం నవ్వు, కొంచెం సిగ్గు కలుగుతాయి.