ఒంగే అలవాటు

నాకు పైలట్ లైసెన్సు రాగానే ఇక చదువు అయిపోయిందని మా అమ్మ అనంతగిరి అంతా చాటేసింది. తీరా చూస్తే ఈ విమానాల లోకంలో లైసెన్సంటే గేటు దాటడం మాత్రమే. రెండింజన్ల విమానానికి రేటింగ్ అని ఒక అదనపు అనుమతి కావాలి. పెద్ద విమానమైతే ఆ రకానికే ఇంకొకటి. మేఘాల్లో బయట ఏమీ కనిపించనప్పుడు డయల్స్ చూసి నడపడానికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్. ఇవేవీ లేకుండా ఉద్యోగానికి వెళ్తే కాఫీ ఇచ్చి పంపేస్తారు.

ఫోన్లో ఈ సంగతి చెప్పగానే అమ్మకి అనుమానం వచ్చింది.

"మళ్ళీ పరీచ్చేటే? తప్పేవేటి?"

"తప్పలేదమ్మా, ఇది వేరే."

"మీ నాయిన ఒక్క లైసెన్సుతో జీపు తోల్తన్నాడు. నీకెన్ని కావాలే గుంటా?"

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ గురించి మాత్రం నాకు బెంగ లేదు. పైగా పొగరు. తోటివాళ్ళు పొగమంచుని కేలండర్లో చూసినవాళ్ళు, నేను మా కొండల మీద అందులోనే పుట్టినదాన్ని.

ఆ శిక్షణలో నెత్తిన ఒక టోపీ పెడతారు. దాని అంచు కిటికీని మూసేస్తుంది, ఎదురుగా డయల్స్ తప్ప ఏమీ కనిపించవు. పక్కన సారు "డయల్ చూడమ్మా" అని అరుస్తూ ఉండేవారు కాబట్టి ఎలాగో గడిచిపోయింది. పరీక్షలో అరిచేవాళ్ళు లేరు. పరీక్షాధికారి ఒక పెద్ద మలుపు తిప్పించి, తిన్నగా పోనివ్వమన్నారు. రెక్కలు సమంగానే ఉన్నాయంది డయల్. ఎడమకి ఒరిగిపోతున్నావని నా ఒళ్ళు గోల పెట్టింది. నేను ఒంటి మాటే విని కుడికి తిప్పాను, ఇంకా తిప్పాను. ఆయన విమానాన్ని తన చేతుల్లోకి తీసుకుని, "మీరెందుకమ్మా అలా పక్కకి ఒంగి కూర్చున్నారు?" అన్నారు.

తప్పాను. ఇంకోసారి తప్పితే ఇంటికి వచ్చెయ్యమన్నాడు నాన్న.

ఎందుకు ఒంగానో హాస్టల్ మంచం మీద ఏడుస్తూ ఉండగా తట్టింది. చిన్నప్పుడు సంతకి వెళ్ళేటప్పుడు నాన్న జీపులో అమ్మ ఒడే నా సీటు. మంచులో ఎదుటి రోడ్డు కూడా కనిపించేది కాదు. అల్లం మూటల మధ్య ఇరుక్కున్న జనమంతా ఏ మలుపు వచ్చిందో ఒంటితోనే పట్టేసి, ఒక్కసారిగా అటు వాలేవారు. అమ్మ కళ్ళు మూసుకునే నన్ను భుజంతో తోసి, "ఒంగే, ఒంగే" అనేది. ఘాట్ రోడ్డు మీద ఆ ఒళ్ళు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. గాల్లో మాత్రం తిన్నగా పోతున్నా ఒరిగామంటూ ఆగకుండా అబద్ధాలే.

రెండో పరీక్షలోనూ మలుపు తిరిగి తిన్నగా రాగానే మొదలైంది. ఎడమకి పడిపోతున్నానని ఒళ్ళంతా ఒకటే కేక. అది అచ్చం అమ్మ గొంతే. డయల్ మాత్రం కదల్లేదు. నడుం నిటారుగా పెట్టి, "నువ్వు ఊరుకోమ్మా" అన్నాను, పైకే.

"ఎవరితో?" అన్నారు పరీక్షాధికారి.

"మా అమ్మతో సార్."

ఆయన ఒకసారి వెనక సీటు వైపు చూసి, ఏదో రాసుకున్నారు. పరీక్ష అయ్యాక పాసయ్యానన్నారు. రన్‌వే పక్కనే నిలబడి అమ్మకి ఫోన్ చేశాను. ఆనందంగానే ఉంది గానీ, ఏదో తప్పు చేసినట్టు కూడా ఉంది.

"పాసయ్యేనమ్మా."

"ఏటి సేసేవే ఈపాలి?"

"నీ మాట వినలేదు."

జీపూ ఒడీ టోపీ అన్నీ కలిపి జరిగింది జరిగినట్టు చెప్పాను. అటునుంచి అమ్మ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"మరైతే ఇంక ఇనకు," అంది.