వేడినీళ్లలో నానిన విత్తనం

గని మూసేశాక మిగిలిన మట్టి దిబ్బ మీద గడ్డి పెంచడం పెద్దక్క పని. చిన్నా పెద్దా అందరికీ ఆమె పెద్దక్కే. ఆ మట్టిలో ఇంకేదీ బతకదు. ఈ గడ్డి బతకడానికి కారణం దాని కాడల లోపల కాపురముండే, కంటికి కనబడని బూజు. తల్లి గడ్డి నుంచి విత్తనంలోకి అదే దిగుతుంది. దాని అండతోనే గడ్డి మట్టిలోని విషాన్ని తట్టుకుని, వేళ్లతో దిబ్బ జారకుండా పట్టుకుంటుంది. దిబ్బ కింద వరసగా ఇళ్లు. మొదటి ఇంట్లో ఆమె తమ్ముడు, మరదలు, వాళ్ల చంటిపిల్ల.

ఈసారి పెద్దక్కకు జ్వరమొస్తే విత్తనం పని మరదలు చూసింది. నారు పచ్చగానే వచ్చింది. పై వాలు మీద నాటాక మాత్రం కొసల నుంచి ఎండడం మొదలుపెట్టింది. పెద్దక్క ఒక దుబ్బు పట్టి లాగితే చేతిలోకి ఊడొచ్చింది.

"విత్తనాన్ని ఏం చేశావే?"

"వేడినీళ్లలో నానబెట్టా వదినా. మా పుట్టింట్లో కూరగాయల విత్తనాలకి బూజు పోవాలని అట్లాగే చేస్తాం."

ఆ వేడికి గడ్డిని బతికించే బూజు కూడా చచ్చిపోయిందని పెద్దక్కకు అర్థమైంది. ఆకాశం అప్పటికే నల్లబడింది.

"తిట్టొచ్చుగా వదినా! అట్లా చూస్తుంటే భయమేస్తోంది."

"తిట్లు తర్వాత. ఇల్లు ఖాళీ చెయ్యండి."

తమ్ముడు తాపీమేస్త్రీ. నవ్వాడు. "నీ గడ్డి ఎండితే నా కొంప వదలాలా? ఇంటి వెనక ఆ గోడ నేను కట్టిందక్కా."

"నీ గోడ ఇంకా దిబ్బని చూళ్లేదురా."

ఆమె పైకెక్కి చూసింది. ఎండిన గడ్డి మధ్య వాలుకు అడ్డంగా సన్నటి పగులు. అందులోకి కర్ర దించితే చేతి దాకా దిగిపోయింది. వెంటనే కిందికొచ్చి, ఉయ్యాల్లోంచి పిల్లనెత్తుకుని, మిగతా ఇళ్లవాళ్లనీ రమ్మని కేకేస్తూ బడి వైపు నడిచింది. వెనకాలే తల్లి పరిగెత్తింది. ఆ వెనక తమ్ముడు అరుచుకుంటూ వచ్చాడు.

వాళ్లు బడి వరండా ఎక్కేసరికి వాన దంచికొట్టింది. కాసేపటికి దిబ్బ వైపు నుంచి బరువైన చప్పుడు వచ్చింది. తమ్ముడు అరవడం ఆపి వరండా అంచుకి పరిగెత్తాడు. వాన తెరిపిచ్చాక చూస్తే అతని గోడ లేదు. మట్టి వంటింటి కిటికీ దాకా నిండింది. పాత గడ్డి ఉన్న వాలు మాత్రం కదల్లేదు.

మర్నాడు పెద్దక్క బూజు బతికున్న పాత దుబ్బులు చీల్చి, పిలకలు పై వాలు మీద నాటడం మొదలుపెట్టింది. మరదలు పక్కన కూర్చుని అందిస్తోంది. మబ్బు మళ్లీ కమ్ముతోంది. వేళ్లూనేదాకా వాన ఆగుతుందో లేదో తెలియదు. పిలక పిలకకూ పెద్దక్క చెయ్యి ఆపి, అరచేయి నేలకు ఆనించి, మట్టి కదులుతోందేమోనని ఊపిరి బిగబట్టి చూస్తోంది.