బోసి చొక్కా

మెడలో టేపు లేకుండా ఆ టైలరును ఎవరూ చూసి ఎరగరు. ఆదివారం పొద్దున క్లబ్బులో బౌలింగ్ ఆడేటప్పుడు కూడా దాని రెండు కొసలూ గుండెల మీద వేలాడవలసిందే. సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు ఒక కన్ను మూసి, బంతి దొర్లించి పడగొట్టడానికి అటు చివర నిలబెట్టిన పది చెక్క పిన్నులకేసి గురి చూస్తాడు. బంతి వదిలాక నాలిక కరుచుకుంటాడు. ఒక్క ఆటలో నూటయాభై దాటినవాళ్ళకి క్లబ్బు గుడ్డ బ్యాడ్జి ఇస్తుంది. పదకొండేళ్ళుగా అందరి చొక్కాలకూ వాటిని కుట్టిపెట్టింది ఆయనే. తన చొక్కా మాత్రం బోసిగానే ఉండేది.

మొన్న ఆదివారం ఆఖరి బంతికి తొమ్మిది పిన్నులు పడి, ఆయన స్కోరు నూటయాభై రెండుకు చేరింది. చప్పట్ల మధ్య సెక్రటరీ బ్యాడ్జి తెచ్చి చేతిలో పెడితే, అలవాటుకొద్దీ "ఎవరి చొక్కాకండీ?" అన్నాడు.

"నీ చొక్కాకేనయ్యా మహానుభావా!"

హాలంతా గొల్లున నవ్వింది. ఇంటికి పోయి మూడుసార్లు కుట్టి, వంకరగా ఉందని మూడుసార్లూ విప్పాడు. నాలుగోసారికి గానీ అది గుండె మీద తిన్నగా కుదరలేదు. ఎవరి బట్టల విషయంలోనూ అంత చాదస్తానికి పోలేదు.

సోమవారం కొలతలివ్వడానికి వచ్చినావిడ, ఆయన బోసి మెడ చూసి కంగారుపడింది.

"టేపేదన్నయ్యా, పోయిందా?"

"జేబులో ఉందమ్మా. మెడలో వేసుకుంటే బ్యాడ్జి కనబడట్లేదు."