దిగినవాడి గంట

మా డ్రిల్లు మేష్టారు పోయారని ఫోను వచ్చేసరికి నేను షాపులో సైకిలు ట్యూబుని నీళ్ల తొట్టెలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నాను. ఫోను చేసింది నాతో కలిసి చదువుకున్న బెల్లం వ్యాపారి. "నిద్దట్లోనే పోయేరురా. సైకిలు వరండాలో అలాగే ఉంది," అన్నాడు. చావు కబురులో సైకిలు సంగతేమిటని పై ఊరివాళ్లు అడుగుతారేమో. మా అనకాపల్లిలో ఎవరూ అడగరు.

అందరికీ ముందు ఏడుపొచ్చి ఉంటుంది. నాకు ముందు సిగ్గేసింది. ఎందుకో చెప్పాలంటే రైలు వంతెన దగ్గర మొదలుపెట్టాలి.

బడి రోజుల్లో శనివారం పొద్దున్నే మేష్టారు మమ్మల్ని సైకిళ్ల మీద ఆ వంతెన ఎక్కించేవారు. ఆయనది ఒకటే రూలు. ఎత్తులో కాలు కింద పెట్టినవాడు మళ్లీ ఎక్కకూడదు. సైకిలు నడిపించుకుంటూ, అవతల కిందికి దిగేదాకా గంట కొడుతూ రావాలి. "ఎక్కలేకపోడం తప్పు కాదురా. దిగి కూడా దిగనట్టు నడవడం తప్పు," అనేవారు. సైకిలు షాపువాడి కొడుకునన్న పేరే గాని, అందరికంటే ఎక్కువ గంట కొట్టింది నేనే. అవతల మేష్టారు నిలబడి ఉండేవారు. చొక్కా జేబులో కాగితంలో చుట్టిన బెల్లం ముక్కలు ఉండేవి. గంట కొట్టుకుంటూ వచ్చినవాడికే మొదటి ముక్క. దర్జాగా తొక్కుకొచ్చినవాళ్లు ఆగాల్సిందే.

ఈల ఆయన మెడలోనే ఉండేది. చర్చికి వెళ్లినా చొక్కా లోపల దాచుకునేవారు గాని తీసేవారు కాదు. దారిలో ఎవరి సైకిలు ఆగి ఉన్నా బొటనవేలితో టైరు నొక్కి చూసేవారు. నాన్న పోయి షాపు నా చేతికొచ్చాక, రోజూ నా ముందు ఆగి, రిపేరుకొచ్చిన సైకిళ్లన్నీ నొక్కి, "పరవాలేదు" అని వెళ్లేవారు. ఆ ఒక్క మాటతో నాకు రోజు గడిచేది.

ఆయన రిటైరైన రోజున పాత విద్యార్థులమంతా కలిసి విశాఖపట్నం నుంచి గేర్ల సైకిలు తెప్పించి ఇచ్చాం. "వందేళ్లొచ్చినా మన మేష్టారు వంతెన మీద దిగరు," అని ఎవరో మైకులో అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను ఈల కూడా వేశాను. ఆ పూట ఆయన చేతికి సైకిలు ఇచ్చామనుకున్నాం. దిగే దారి మూసేశామని తెలుసుకోలేదు.

కొన్నేళ్ల తర్వాత ఒక పొద్దున వంతెన దిగువనున్న మా షాపు షట్టరు తీస్తుంటే వంతెన మీద నుంచి గంట వినబడింది. రోడ్డు మీద మరో మనిషి లేడు. మేష్టారు సైకిలు నడిపించుకుంటూ, గంట కొట్టుకుంటూ దిగి వస్తున్నారు. నేను చప్పున షట్టరు సగానికి దించి లోపల నిలబడ్డాను. కింది సందులోంచి ఆయన కాన్వాసు బూట్లు, రెండు చక్రాలు కనిపించాయి. షాపు ముందు కాసేపు ఆగి వెళ్లిపోయాయి.

మర్నాడు ఆయనే వచ్చారు.

"చూసేవు కదా," అన్నారు.

"లేదు మేష్టారూ."

"గంట వినబడలేదేటి?"

నేను స్టూలు ముందుకు జరిపాను.

"ఎవులూ లేరని తెలుసు. అయినా కొట్టేను. రూలు నాదే కదా." స్టూలు మీద కూర్చుని మోకాలు పట్టుకున్నారు. "ఇది ఒప్పుకోట్లేదురా. వెనకాల ఇంకా పెద్ద పళ్లచక్రం పడతాదా?"

వెనక చక్రానికి చిన్నవీ పెద్దవీ వరసగా పేర్చిన పళ్లచక్రాల గుత్తిని క్యాసెట్ అంటాం. అందులో పెద్దది ఎంత పెద్దదైతే ఎత్తు ఎక్కడం అంత తేలిక. చైనును ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి తోసే చెయ్యిలాంటిది డిరైలరు. పెద్ద క్యాసెట్ వేస్తే డిరైలరు కూడా పొడుగుది వేయాలన్నాను.

"వొద్దు. పాతదే ఉంచు. అది మారిత్తే పిల్లలు కనిపెట్టేత్తారు," అన్నారు.

మా బడిలో తలెత్తి కళ్లలోకి చూసి మాట్లాడమని నేర్పిన మనిషి, ఆ మాట చక్రం వైపు చూస్తూ అన్నారు. దిగితే ఏం మేష్టారూ, మీరే కదా తప్పు కాదన్నారు అని నేను అనాల్సింది. నోట్లోకి వచ్చిన మాట అది కాదు. "ఎవరికీ చెప్పనండి," అన్నాను. అంటే అది దాచుకోవలసిన సంగతేనని నేనూ ఒప్పేసుకున్నాను.

క్యాసెట్ తెప్పించి బిగించాను. తొందరలో పాత చైనే ఉంచేశాను. పెద్ద చక్రం మీదికి రాగానే అది బిర్రబిగిసి డిరైలరును ముందుకు లాగేసింది. చైనుకి లింకులు కలిపాను. డిరైలరు వెనకున్న చిన్న మరను తిప్పి దాన్ని చక్రానికి కొంచెం ఎడం చేశాను. పని చేసింది. కాని పెద్ద చక్రం మీద ఉన్నంతసేపూ కరకరమని చప్పుడు మాత్రం పోలేదు.

"పోన్లే. లారీల చప్పుడులో కలిసిపోతాది," అన్నారు మేష్టారు.

ఆ తర్వాత ఆయన వంతెన మీద ఎప్పుడూ దిగలేదు. నా షాపు ముందు ఆగడం కూడా మానేశారు. చెయ్యెత్తి వెళ్లిపోయేవారు. సైకిళ్లు నొక్కేవాళ్లు లేరు, "పరవాలేదు" అనేవాళ్లు లేరు. ఆయన సిగ్గు తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి, ఆయన తప్పించుకోవలసినవాణ్ని కూడా నేనే అయ్యాను.

ఇది రాయమన్నది మేష్టారి భార్య. సమాధుల తోట నుంచి వచ్చాక ఆవిడతో అంతా చెప్పుకున్నాను. "ఆ కరకర నాకు తెలీదేటి బాబూ? వీధి మలుపు నుంచే వినబడేది. అది విని కూర కింద మంట పెంచేదాన్ని. రాసీ. దాచడానికి అదేటి దొంగతనమా," అన్నారు.

కాని ఆ మాట నేను విన్నది తర్వాత. అంతకుముందు వంతెన దాటాలి. మేష్టారిని వ్యానులో పెట్టారు. వెనక చర్చివాళ్లు, పాత విద్యార్థులు నడుస్తున్నారు. ఆయన సైకిలు నా చేతికిచ్చారు. ఎత్తు మొదట్లో బెల్లం వ్యాపారి నా భుజం తట్టాడు.

"నడిపిత్తన్నావేటిరా? ఎక్కి తొక్కు. మేష్టారు ఏనాడైనా దిగేరేటి?"

ఎక్కాను. బొటనవేలి కింద గేరు మీట ఉంది. నొక్కితే పెద్ద చక్రం పడుతుంది, హాయిగా ఎక్కేస్తాను. కాని ఆ రోజు మా కోసం లారీలన్నీ ఆపేశారు. చర్చివాళ్ల పాట కూడా ఆగింది. వంతెన మీద అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. వేలు మీట మీద నుంచి తీసేశాను.

సగం ఎత్తులో ఊపిరి అందలేదు. అందరూ చూస్తుండగా కాలు కింద పెట్టాను. వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. నా చెవులు వేడెక్కాయి. సైకిలు నడిపించుకుంటూ, గంట కొట్టుకుంటూ వ్యాను వెనక నడిచాను. గంట ఆపమని ఎవరూ అనలేదు.

అవతల కిందికి దిగాక, ఒకప్పుడు మేష్టారు నిలబడే చోట గంట ఆపాను. వ్యాను ముందుకు వెళ్లిపోయింది. నాకు తెలియకుండానే కుడి అరచెయ్యి చాచి నిలబడి ఉన్నాను.